బ్రాడ్‌కాస్ట్ అంటే వెదజల్లడం

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, ఇంజనీరుని, నాకు రాయడం ఏం వస్తుందండీ అన్నాను. "నీకు తెలిసిన ఒక్క విషయం రాయి, చాలు" అన్నారు. నాకు బాగా తెలిసిన విషయాల్లో ఒక ఇంగ్లీషు మాట ఉంది. అది నాకు మన బడిలోనే దొరికింది. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరిగింది. అందుకే ఆ మాట చరిత్రే రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒకరోజు నాన్న నా చేతికి చిన్న పుస్తకం ఇచ్చి, మధ్యాహ్నం బెల్లు కొట్టాక పోస్టాఫీసులో డబ్బు కట్టి రమ్మన్నారు. అది మా రేడియో లైసెన్సు పుస్తకం. ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, ఆ పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980లలో ఆ పద్ధతి రద్దయింది. దాని మీద ఇంగ్లీషులో "బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ లైసెన్స్" అని ఉంది. రిసీవర్ తెలుసు, లైసెన్సు తెలుసు. బ్రాడ్ అంటే వెడల్పు. మరి కాస్ట్ అంటే? మాకు తెలిసిన క్యాస్టు ఒక్కటే, అది ఇక్కడ అతకలేదు.

ఇంగ్లీషు మాస్టారిని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా బోర్డు మీద ఆ మాట రాసి, "అర్థం చెప్పండ్రా" అన్నారు. అందరం "రేడియో సార్" అన్నాం. ఆయన తల అడ్డంగా ఊపి, "మీలో ఎంతమంది పొలంలో మినుములు చల్లారు?" అని అడిగారు. ఈ ప్రశ్నకూ ఆ మాటకూ సంబంధమేమిటో తెలియలేదు గానీ, సగానికి పైగా చేతులు లేచాయి. మన వైపు వరి కోతకు ముందే, చేలో తేమ ఉండగానే, మినుములో పెసలో చల్లడం మామూలే కదా. "అయితే మీరంతా బ్రాడ్‌కాస్టర్లే. రేడియో వాళ్లు మీ తర్వాత వచ్చారు" అన్నారు మాస్టారు. వెనక బెంచీలో చప్పట్లు కొట్టినవాళ్లు ఇప్పుడు ఇది చదువుతూ ఉండాలి.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాస్ట్ అంటే విసరడం. పాత నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మనం 'కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్' అని వల్లె వేసిన వరుసలోదే ఇదీ, మూడు రూపాలూ ఒకటే. బ్రాడ్ కలిస్తే, చేయి బారచాపి వెడల్పుగా విసరడం. 1760ల నాటి ఇంగ్లీషు వ్యవసాయ రచనల్లోనే ఈ మాట కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం ఒక్కటే, విత్తనాలు పిడికిలితో తీసి వెదజల్లడం.

మనుషులు వేల ఏళ్లుగా విత్తనాలు చల్లుతూనే ఉన్నారు. మరి దానికి ప్రత్యేకంగా ఒక పేరు పద్దెనిమిదో శతాబ్దంలో ఎందుకు అవసరమైంది? అప్పుడు పోటీ వచ్చింది కాబట్టి. 1701 ప్రాంతంలో జెత్రో టల్ అనే ఇంగ్లీషు రైతు విత్తనాలను వరుసల్లో, ఒకే లోతులో వేసే యంత్రం తయారుచేశాడు. దాన్ని సీడ్ డ్రిల్ అన్నారు. 1730లలో తన పద్ధతి మీద పుస్తకం కూడా అచ్చు వేశాడు. ఆ తర్వాత చాలాకాలం ఇంగ్లండులో డ్రిల్లు మేలా, చేత్తో చల్లడం మేలా అని వాదన నడిచింది. కొత్త పద్ధతి వచ్చాక, దానితో పోల్చి చెప్పడానికి పాత పద్ధతికి కూడా పేరు కావలసి వచ్చింది. సెల్‌ఫోన్ వచ్చాకే కదా మనం ఇంట్లో ఉన్న ఫోన్‌ని ల్యాండ్‌లైన్ అనడం మొదలుపెట్టింది!

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. టల్ యంత్రం లాంటిది మన మెట్టపొలాల్లో ఎప్పటి నుంచో ఉంది. గొర్రు అంటాం. పైన జడ్డిగంలో గింజలు పోస్తే వెదురు గొట్టాల గుండా చాళ్లలో పడతాయి. 1790లలో దక్షిణ భారతంలో పనిచేసిన క్యాప్టెన్ హాల్కాట్ అనే ఇంగ్లీషు అధికారి, పొలంలో గొర్రు నడుస్తుంటే చూసి ఆశ్చర్యపోయాడు. ఇది యూరప్ వాళ్ల కొత్త ఆవిష్కరణ అని తాను అనుకుంటూ వచ్చానని రాశాడు. ఆ ఉత్తరాలను ధరంపాల్ గారు 1971లో తెచ్చిన పుస్తకంలో మళ్లీ అచ్చు వేశారు. అంటే చల్లడానికీ గొర్రుతో వేయడానికీ ఉన్న తేడా మన రైతుకు ఇంగ్లీషు పుస్తకాలు చెప్పాల్సిన పని లేదు.

ఆ తేడా ఏమిటో ఒకసారి చూద్దాం, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. గొర్రుతో వేస్తే గింజ ఎక్కడ పడాలో మనమే నిర్ణయిస్తాం. గింజ ఆదా అవుతుంది. చల్లితే ఏ గింజ ఎక్కడ పడుతుందో చల్లినవాడికి తెలియదు. కొన్ని గట్టు మీద పడతాయి, కొన్ని పిట్టలు తింటాయి. అందుకే నాలుగు గింజలు ఎక్కువే తీసుకుంటాడు. కానీ మనిషి నడిచినంతమేరా, తక్కువ సమయంలో, చేను మొత్తానికి గింజ అందుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ మాట పొలం దాటింది. వార్తలను, వదంతులను, కరపత్రాలను నలుదిక్కులా చల్లడానికి కూడా వాడసాగారు. అయితే రేడియో దగ్గరికి రావడానికి ఇంకా సమయం పట్టింది. మార్కొనీ 1896లో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పుడు గానీ, 1901లో అట్లాంటిక్ సముద్రం మీదుగా సంకేతం పంపినప్పుడు గానీ, ఆయన మనసులో ఉన్నది తీగ లేని టెలిగ్రాఫు. ఇక్కడి నుంచి అక్కడికి, ఒకరి నుంచి ఒకరికి. మా భాషలో చెప్పాలంటే అది గొర్రు పద్ధతి. గాలిలోకి వదిలిన సంకేతాన్ని ఎవరైనా వినవచ్చు అనేది అప్పటి ఇంజనీర్లకు పెద్ద లోపం, తలనొప్పి.

ఆ తలనొప్పి 1903 జూన్‌లో నలుగురిలో బయటపడింది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ ఫ్లెమింగ్ ఉపన్యాసం. దూరంగా కార్న్‌వాల్ నుంచి మార్కొనీ పంపే సందేశాన్ని సభలో అందుకుని చూపించాలి. తన పద్ధతిలో మరొకరు జొరబడలేరని మార్కొనీ అప్పటికే చెప్పుకుని ఉన్నాడు. తీరా చూస్తే, అసలు సందేశం రాకముందే యంత్రం మీద "ఎలుకలు" అనే మాట, మార్కొనీని ఎగతాళి చేసే పద్యం వచ్చాయి. పంపినవాడు నెవిల్ మాస్కెలిన్, వృత్తి ఇంద్రజాలం. గాలికి తాళం వేయలేమని చూపించడమే ఆయన ఉద్దేశం.

పదిహేడేళ్ల తర్వాత అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో అదే లోపం గుణంగా మారింది. ఫ్రాంక్ కాన్రాడ్ అనే వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు తన ఇంటి గరాజు నుంచి సరదాగా గ్రామఫోను పాటలు వినిపిస్తుండేవాడు. వాటిని వినడానికి పనికొచ్చే రేడియో సెట్లు మా దగ్గరున్నాయని ఆ ఊరి దుకాణం ఒకటి 1920లో పత్రికలో ప్రకటన వేసింది. అది చూసిన కంపెనీ పెద్దలకు విషయం తట్టింది. ఎవరికి చేరుతుందో తెలియకపోవడమే ఇందులో వ్యాపారం! 1920 నవంబరు 2న వాళ్ల కేడీకేఏ కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వినిపించింది. హార్డింగ్ గెలిచాడన్న వార్త, పంపినవాళ్లకు పేరైనా తెలియని శ్రోతల ఇళ్లలోకి వెళ్లింది. ఈ కొత్త పనికి వైర్‌లెస్ టెలిఫోనీ అనే పేరు అతకలేదు. టెలిఫోన్ అంటే అవతల ఒక మనిషి ఉండాలి, జవాబు చెప్పాలి. ఇక్కడ జవాబు లేదు, చల్లడమే. రైతు మాట సరిగ్గా సరిపోయింది. 1922 అక్టోబరులో లండన్‌లో ఏర్పడిన సంస్థ తన పేరులోనే దాన్ని పెట్టుకుంది, బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అని. నవంబరు 14న ప్రసారాలు మొదలయ్యాయి. 1927 జనవరి 1న అది కార్పొరేషన్ అయింది. ఈ మాట మూలం వాళ్లు మరిచిపోలేదు కూడా. 1932లో కట్టిన బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ ముందు హాలులో ఎరిక్ గిల్ చెక్కిన శిల్పం పేరు "విత్తువాడు". చేతిలో మైకు లేదు, గింజలున్నాయి.

మన దేశానికి ఆ మాట త్వరగానే వచ్చింది. 1924లో మద్రాసులో రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. 1927 జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రాన్ని వైస్రాయి ఇర్విన్ ప్రారంభించాడు. మూడేళ్లు తిరగకుండానే కంపెనీ మూతపడితే 1930లో ప్రభుత్వం చేతికి తీసుకుంది. 1936 జూన్ 8న అది ఆలిండియా రేడియో అయింది. హైదరాబాదులో నిజాం కాలంలో దక్కన్ రేడియో 1935 నుంచి ఉండేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మనలో చాలామందికి పొద్దున్న నిద్ర లేపింది ఆ కేంద్రమే.

తెలుగులో మనం దాన్ని ప్రసారం అన్నాం. ముందుకు సాగడం, వ్యాపించడం అనే అర్థమున్న సంస్కృతపు మాట. తప్పు లేదు, కానీ అందులో మట్టి వాసన లేదు. ఇక ఆకాశవాణి అనే పేరును 1935లో మైసూరులో గోపాలస్వామి అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు నడిపిన చిన్న కేంద్రం వాడింది. దేశమంతటికీ ఆ పేరు 1950లలో వచ్చింది. పేరు ఎంతో బాగుంటుంది గానీ, ఇంజనీరుగా నాకొక చిన్న పేచీ ఉంది. భాగవతంలో ఆకాశవాణి పలికింది కంసుడికి, కంసుడి గురించి. అది ఒకరికి పంపిన సందేశం. బ్రాడ్‌కాస్ట్ ఎవరినీ పేరు పెట్టి పిలవదు. మన భాషలో దానికి దగ్గరి మాట ప్రసారం కాదు, ఆకాశవాణి కాదు, వెదజల్లడమే.

ఆ మాట ఒకసారి నిజంగానే పొలానికి తిరిగి వెళ్లింది. 1966లో ఆలిండియా రేడియో రైతుల కోసం ప్రత్యేక విభాగాలు మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే తంజావూరు ప్రాంతంలో ఏడీటీ 27 అనే కొత్త వరి వంగడం గురించి రైతులు రేడియోలో విని, సాగుచేశారు. ఆ వడ్లకు వాళ్లు పెట్టుకున్న పేరు రేడియో వడ్లు! అలాగే మన జహీరాబాదు దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపేది తమ ఇళ్లలో పాతపంటల విత్తనాలు దాచి కాపాడుకునే దళిత మహిళలు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన మాటకు ఇంతకన్నా మంచి రుజువు నాకు కనబడలేదు.

ఇంతవరకూ చరిత్ర. ఈ మాటను నేనెందుకు పట్టుకుని వేలాడుతున్నానో కూడా చెప్పాలి.

1977 నవంబరు 19 మనలో నా వయసు వాళ్లెవరూ మరిచిపోలేరు. అప్పటికి నేను ఇంకా ప్రాథమిక పాఠశాలలోనే ఉన్నాను. తుపాను హెచ్చరికలు రేడియోలో వస్తున్నాయని నాన్న సెట్టు తెచ్చి అరుగు మీద పెట్టి, శబ్దం పెంచారు. వీధిలో వాళ్లు చుట్టూ చేరారు. మా ఊళ్లో రేడియో ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాకు కప్పులు లేచిపోయాయి, చెట్లు పడ్డాయి, అంతే. మా పెద్దమ్మ వాళ్లది దివిసీమ. వాళ్లింట్లో రేడియో లేదు. ఉప్పెన వచ్చిన ఆ రాత్రి తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు మిగల్లేదు. వాళ్లలో ఒకడు నాకన్నా ఏడాది పెద్ద, సెలవులకు వెళితే నాకు ఈత నేర్పినవాడు. నాన్న చాలా ఏళ్లు ఒకే మాట అనేవారు, "కబురు గాలిలోనే ఉందిరా, వాళ్ల గుమ్మం దాకా పోలేదు" అని. చల్లిన గింజ ఆ ఇంటి మీదుగా పోయింది. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

నేను కమ్యూనికేషన్ ఇంజనీరింగ్ తీసుకోవడానికి మార్కులు ఒక కారణం, ఆ మాట ఇంకో కారణం. ఉద్యోగంలో మాకు బ్రాడ్‌కాస్ట్ అనేది రోజూ వాడే సాంకేతిక పదం. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ 48 బిట్ల చిరునామా ఉంటుంది. ఆ 48 బిట్లూ ఒకట్లే అయితే "ఇది అందరికీ" అని అర్థం. కొత్తగా చేరిన యంత్రం పక్కవాళ్ల చిరునామాలు తెలియకపోతే ముందు చేసే పని, అందరికీ వినబడేలా అడగడమే. బస్టాండులో దిగిన కొత్తమనిషి లాగా అన్నమాట.

సెల్‌ఫోన్ మాత్రం మొదటి నుంచీ గొర్రు పద్ధతే. మీ నంబరు, మీ సందేశం, మీకు మాత్రమే. ఇప్పుడు ఫోన్‌లో కనబడే వార్తలు, వీడియోలు కూడా మనిషిని బట్టి ఏరి వేస్తున్నవే. నా ఫోన్‌లో కనబడింది మా ఆవిడ ఫోన్‌లో కనబడదు. ఒకే అరుగు మీద కూర్చుని ఒకే కబురు విన్న రోజులు పోయాయి. గింజ ఆదా అయ్యే మాట నిజమే. కానీ తుపాను వచ్చినప్పుడు ఈ పద్ధతి చిక్కుల్లో పడుతుంది. లక్షమందికి ఎస్సెమ్మెస్ పంపాలంటే లక్ష సందేశాలు విడివిడిగా పంపాలి. అదే సమయంలో అందరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటుంటారు. నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అవసరమైన కబురు వెనకబడుతుంది.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన మందు పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్. టవరు ఒక ఉమ్మడి ఛానెల్‌లో ఒకే సందేశాన్ని వదులుతుంది. ఆ టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నీ దాన్ని అందుకుంటాయి. వందమంది ఉన్నా లక్షమంది ఉన్నా టవరుకు అదే పని. ఎవరి నంబరూ అక్కర్లేదు, ఎవరి జవాబూ అక్కర్లేదు. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన లారీ డ్రైవరుకు కూడా చేరుతుంది. 2023లో ఒకరోజు మీ అందరి జేబుల్లో ఫోన్లు ఒక్కసారిగా వింత శబ్దంతో మోగి, అత్యవసర హెచ్చరిక అని తెరమీద కనబడి, ఇది పరీక్ష మాత్రమే అని ఉండటం గుర్తుందా? టెలికం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి చేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష అది. చాలామంది కంగారుపడ్డారు, కొందరు విసుక్కున్నారు. ఆ రోజు నేను మా ఇంటి వసారాలో కూర్చుని ఉన్నాను. మా ఫోను, పక్కింటి వాళ్ల ఫోను, వీధిలో కూరగాయల బండి అతని ఫోను అన్నీ ఒకేసారి మోగాయి. ఆ బండి అతని ఫోను మోగడం విని నాకు మా పెద్దమ్మ వాళ్ల గుమ్మం గుర్తొచ్చింది. నాన్న ఉంటే ఆయనకు చెప్పేవాణ్ణి, ఇప్పుడు గుమ్మం దాకా పోతోంది నాన్నా అని.

గాలికి తాళం వేయలేకపోవడం మార్కొనీకి లోపం, కాన్రాడ్‌కు వ్యాపారం, తీరంలో ఉన్నవాడికి ప్రాణం. మూడు వందల ఏళ్ల నాడు డ్రిల్లు ముందు మోటుగా కనబడిన పద్ధతి, ఆపద వేళ అన్నిటికన్నా ముందు చేరే పద్ధతి అయింది. మాట మారలేదు. ఎవరికి పడుతుందో చూడకుండా, అందరికీ అందేలా విసరడమే దాని అర్థం, అప్పుడూ ఇప్పుడూ.

ఇంగ్లీషు మాస్టారు ఇప్పుడు లేరు. ఆ రోజు బోర్డు మీద రాసిన ఒక్క మాట వెనక కూర్చున్న ఒకడిని ఇంత దూరం నడిపించిందని ఆయనకు చెప్పే అవకాశం నాకు రాలేదు. నలభై ఐదు మంది పిల్లల ముందు నిలబడి ఏటా అలా చల్లుకుంటూ వెళ్లిన ఆయనకు, ఏ గింజ ఎక్కడ మొలిచిందో తెలిసే వీలు లేదు. మన బడి పెద్దలందరికీ ఈ స్వర్ణోత్సవం సందర్భంగా ఆ కబురు ఆలస్యంగానైనా చేరుతుందని ఆశ.

చివరగా మిత్రులకు ఒక మనవి, ఇది ఇంజనీరుగా. ఆ పరీక్ష రోజు శబ్దానికి విసుగుపడి, ఫోన్ సెట్టింగులలోకి వెళ్లి అత్యవసర హెచ్చరికలను ఆపేసినవాళ్లు మనలో కూడా ఉన్నారు. దయచేసి ఈ సంచిక మూయకముందే వాటిని మళ్లీ ఆన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా చూడండి. చల్లేవాళ్లు చల్లుతారు. పట్టుకోవడానికి మన గుమ్మంలో ఏదో ఒకటి ఉండాలి కదా.

(1984 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి)